పొద్దున ఊగే కారు సాయంత్రం ఊగదేం?

మా బావ ఉండేది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో. వాళ్ల బాల్కనీలోంచి సముద్రం కనబడదు. ఏడాది తిరగకుండానే గ్రిల్లు తుప్పెక్కి మళ్లీ రంగు వేయించాల్సి వచ్చినప్పుడు మాత్రం అదెంత దగ్గరో తెలుస్తుంది. రెండేళ్ల కిందట ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. మొన్నటి ఏడాది కూతురి పురిటికని అక్కా బావా అమెరికా వెళ్లి ఐదు నెలలు ఉండి వచ్చారు. ఆ ఐదు నెలలూ కారు అపార్ట్‌మెంటు సెల్లారులో కవరు కప్పుకుని నిలబడిపోయింది. వానాకాలమంతా అక్కడే గడిచింది.

వచ్చిన పది రోజులకి ఫోను.

"బామ్మర్దీ, బ్రేకు తొక్కితే స్టీరింగు చేతుల్లో వణికిపోతోందిరా. ఎనభై తొంభై స్పీడులో మరీను. విచిత్రమేంటంటే, పొద్దున అనకాపల్లి వెళ్లేటప్పుడు ఊగుతుంది. సాయంత్రం అదే రోడ్డు మీద తిరిగొచ్చేటప్పుడు ఊగదు."

సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే మధ్యాహ్నం పూట ట్రయల్ చూసి, ఏమీ లేదు సార్ అన్నారట. రెండోసారి వెళ్తే నాలుగు డిస్కులూ మార్చేద్దాం అన్నారట. ఈ రెండు మాటల మధ్య ఎవరూ ఏదీ కొలిచి చూడలేదు. నన్ను కదిలించింది అదే.

"పొద్దున బయల్దేరేటప్పుడు చార్జింగ్ ఎంతుంటుంది బావా?"

"రాత్రంతా పెట్టి ఉంచుతాను కదా. నూరు."

"సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు?"

"ఎనభై, ఎనభై ఐదు."

చిక్కుముడి కొస అక్కడే దొరికింది.

బ్రేకు ఒకటి కాదు, రెండు

పెట్రోలు కారుకి బ్రేకంటే ఒక్కటే. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుము పళ్లెం డిస్కు. దానికి రెండు పక్కలా ప్యాడ్లు. మనం పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ ఒత్తిడికి కాలిపర్ ఆ ప్యాడ్లను డిస్కుకి అదుముతుంది. రాపిడికి వేడి పుడుతుంది, వేగం తగ్గుతుంది. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ మూలసూత్రం మారలేదు.

ఆ వేడి ఎంతో ఒక్కసారి లెక్క చూద్దాం. మనుషులతో కలిపి 1,600 కిలోల బండి గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే, అందులో ఉన్న శక్తితో రెండు లీటర్ల నీళ్లను మరిగే దాకా కాచవచ్చు. ఒక్కసారి ఆగినందుకే అంత. పెట్రోలు కారు ఆ వేడినంతా గాలికి వదిలేస్తుంది.

ఎలక్ట్రిక్ కారు వదిలేయదు. చిన్నప్పుడు సైకిలుకి డైనమో ఉండేది గుర్తుందా? దాన్ని టైరుకి ఆనిస్తే లైటు వెలిగేది, ఆ క్షణం నుంచీ పెడల్ బరువెక్కేది. కరెంటు పుట్టాలంటే తిరిగే చక్రం లోంచి శక్తి తీసుకోవాలి, తీసుకుంటే చక్రం నెమ్మదిస్తుంది. ఎలక్ట్రిక్ కారు మోటారు చేసే పని అచ్చం ఇదే. యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే మోటారు డైనమో అయిపోతుంది. కారు నెమ్మదిస్తుంది, పుట్టిన కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంది. దీన్నే రీజెన్ అంటున్నారు. హైదరాబాదు మెట్రో రైలు స్టేషనులో ఆగేటప్పుడు జరిగేది కూడా ఇదే, అక్కడ కరెంటు తిరిగి లైనులోకి వెళ్తుంది.

కాబట్టి ఎలక్ట్రిక్ కారులో ఇనుప బ్రేకు ఒకటి, డైనమో బ్రేకు ఒకటి. చాలా మోడళ్లలో మనం పెడల్ తొక్కడం ఒక విన్నపం మాత్రమే. ఎంత భాగం మోటారుకి ఇవ్వాలో, ఎంత భాగం ప్యాడ్లకి ఇవ్వాలో లోపలి కంప్యూటరు తేలుస్తుంది. నెమ్మదిగా నడిపేవాళ్ల బండిలో రోజువారీ బ్రేకింగులో చాలా భాగం మోటారే చూసుకుంటుంది.

నిండిన బిందెలో ఇంకో చెంబు పోయలేం. బ్యాటరీ నూరు శాతం నిండి ఉంటే రీజెన్ కరెంటుకి చోటుండదు. అప్పుడు కంప్యూటరు మోటారుని తగ్గించి భారమంతా ప్యాడ్ల మీద వేస్తుంది. బ్యాటరీ బాగా చల్లబడ్డప్పుడు కూడా ఇంతే, కాకపోతే మన కోస్తాలో ఆ బెడద తక్కువ. బావ పొద్దున తొక్కుతున్నది ఇనుప బ్రేకు. సాయంత్రం తొక్కుతున్నది ఎక్కువగా డైనమో బ్రేకు. పెడల్ అదే, కాలు అదే, లోపల పని చేసేది వేరు. ఊగేది ఇనుప బ్రేకు అన్నమాట. మధ్యాహ్నం ట్రయల్ చూసినవాళ్లకి అది దొరక్కపోవడంలో ఆశ్చర్యం లేదు.

అటక మీది పెనం

మరి కొత్త బండి బ్రేకులు ఇంత త్వరగా ఎలా చెడ్డాయి? వాడకం వల్ల కాదు, వాడకపోవడం వల్ల.

రోజూ దోసెలు పోసే ఇనుప పెనానికి తుప్పు పట్టదు. అటక మీద పెట్టి మూడు నెలల తర్వాత దించితే ఎర్రగా, గరుగ్గా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. బ్రేకు డిస్కుకి రంగు, పూత ఏమీ ఉండవు. రాపిడి తలం పచ్చి ఇనుము. ఒక్క వానకి తెల్లారేసరికి సన్నని ఎర్రపొర కడుతుంది. పెట్రోలు కారులో మొదటి నాలుగు బ్రేకులకే ప్యాడ్లు దాన్ని తుడిచేస్తాయి. రోజూ దోసె పోసే పెనం అది. ఎలక్ట్రిక్ కారులో డైనమో బ్రేకు అంత బాగా పనిచేస్తుంది కాబట్టే ప్యాడ్లు డిస్కుని గట్టిగా అదిమే సందర్భాలు అరుదు. పొర మీద పొర పేరుకుంటుంది.

నిలబెట్టేసిన బండి కథ ఇంకా వేరు. డిస్కు మీద ప్యాడ్ ఆనుకున్న చోట గాలి సరిగ్గా ఆడదు, తేమ నిలిచిపోతుంది. మిగతా డిస్కు బట్టబయలుగా ఉంటుంది. రెండు చోట్లా తుప్పు రెండు రకాలుగా పడుతుంది. నెలల తర్వాత చూస్తే డిస్కు మీద ప్యాడ్ ఆకారం ముద్ర వేసినట్టు కనబడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అక్కడ తలం ఉబ్బుతుంది. తర్వాత అది రాలిపోతే గుంట మిగులుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటే ఈ పని మరింత వేగంగా సాగుతుంది.

తుప్పు డిస్కుతో ఆగదు. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి రెండు పిన్నులుంటాయి. కదలిక లేక వాటి గ్రీజు ఎండి, లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతే, కాలు తీసినా ఒక పక్క ప్యాడ్ డిస్కుని వదలదు. ఇవన్నీ తెలిసే ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన ఐడీ.3, ఐడీ.4 కార్లకి వెనక చక్రాల్లో పాతకాలపు డ్రమ్ము బ్రేకులు పెట్టింది. డ్రమ్ము లోపల రాపిడి తలం మూసి ఉంటుంది, వానకీ బురదకీ అందదు. మన టాటా టియాగో ఎలక్ట్రిక్‌కీ వెనక డ్రమ్ములే. డ్రమ్ము అంటే చవకరకం అని తీసిపారేసేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

వెంట్రుకలో మూడో వంతు

డిస్కు మందం చుట్టూరా ఒకేలా ఉండాలి. ఒక చోటికీ ఇంకో చోటికీ సుమారు 0.02 మిల్లీమీటర్ల తేడా వస్తే చాలు, చేతికి తెలుస్తుంది. మన తల వెంట్రుక మందంలో అది మూడో వంతు కూడా ఉండదు. టన్నున్నర బండిని అంత చిన్న తేడా ఎలా ఊపుతుంది?

కుమ్మరి సారె మీద తిరుగుతున్న మట్టిలో చిన్న రాయి ఉంటే, చుట్టు చుట్టుకీ ఒకసారి కుమ్మరి వేలికి తగులుతుంది. ప్యాడ్ల పని కూడా ఆ వేళ్ల లాంటిదే. మందమైన చోటు వచ్చినప్పుడు ప్యాడ్లని పక్కకి తోస్తుంది. వెనకున్న బ్రేకు ఆయిల్ నొక్కితే కుదించుకుపోయేది కాదు కాబట్టి ఒత్తిడి టక్కున పెరుగుతుంది, పట్టు బిగుస్తుంది. పల్చటి చోటు రాగానే పట్టు సడలుతుంది. బిగుపు, సడలు, బిగుపు, సడలు. మామూలు కారు చక్రం ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 2 మీటర్లు కదులుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి 11 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 11 తోపులు.

ఉయ్యాలని దాని లయకి సరిగ్గా అందేటట్టు తోస్తే చిటికెన వేలితోనైనా పైకి లేపొచ్చు. చక్రాన్ని పట్టుకున్న సస్పెన్షనుకీ, స్టీరింగుకీ ఒక సహజమైన లయ ఉంటుంది, అది ఈ అంకెకి దగ్గర్లోనే ఉంటుంది. అందుకే 40లో ఏమీ తెలియని వణుకు 80, 100 మధ్య ఉగ్రరూపం చూపించి, వేగం తగ్గేకొద్దీ అణుగుతుంది. పైగా ఎలక్ట్రిక్ కారులో ఇంజను శబ్దం లేదు, దాని అదురు లేదు. పెట్రోలు బండిలో ఇంజను కింద కలిసిపోయే చిన్న వణుకు కూడా ఇక్కడ విడిగా తెలిసిపోతుంది.

బాక్సు: "డిస్కు బెండయింది" అనే మాట

షెడ్డులో ఎక్కువగా వినబడే తీర్పు ఇది. వేడికి డిస్కు అప్పడంలా మెలితిరిగిందని మనం ఊహించుకుంటాం. రేసు కార్ల ఇంజినీరుగా పేరుపడ్డ క్యారల్ స్మిత్ ఈ నమ్మకాన్ని గట్టిగా ఖండించాడు. బెండయిందని పక్కన పడేసిన డిస్కుల్లో ఎక్కువ వాటికి జరిగింది వేరే అని ఆయన వాదన: ప్యాడ్ల పదార్థం డిస్కు మీద ఎగుడుదిగుడుగా అంటుకోవడం. అంటుకున్న మచ్చ మిగతా చోటుకంటే వేడెక్కుతుంది, వేడెక్కిన చోట మళ్లీ పదార్థం చేరుతుంది. బాగా వేడెక్కితే అక్కడి ఇనుమే గట్టిపడిపోతుంది.

రెండు లోపాలని వేరుగా చూడాలి. సైకిలు రిమ్ము ఔటయితే బ్రేకు రబ్బరుకి అటూ ఇటూ తగులుతూ తిరుగుతుంది, అది పక్కకి ఊగడం. మందంలో తేడా వేరు. చాలా కార్లలో కాలిపర్ పిన్నుల మీద జరుగుతుంది కాబట్టి డిస్కు కాస్త పక్కకి ఊగినా కాలిపర్ దానితో పాటే జరిగి సర్దుకుంటుంది, పెద్దగా తెలియదు. అయితే అలా ఊగే డిస్కు, బ్రేకు వేయనప్పుడు కూడా చుట్టుకోసారి ప్యాడ్‌కి రాసుకుంటుంది. వేల కిలోమీటర్లు రాసుకుంటే ఆ చోటు అరిగి మందంలో తేడాగా మారుతుంది. మొదటిది తల్లి, రెండోది పిల్ల. మనల్ని ఊపేది పిల్ల.

ముందు న్యూట్రల్, తర్వాతే పానా

రెండు బ్రేకుల కారులో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఒకటే. ఏ బ్రేకు ఊగుతోందో తేల్చకుండా ఏ సామానూ విప్పకూడదు, కొనకూడదు. తేల్చడానికి పైసా ఖర్చు లేదు.

చదునుగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 80 దాకా వెళ్లి గేరు న్యూట్రల్‌లో పెట్టి మెల్లగా బ్రేకు తొక్కాలి. న్యూట్రల్‌లో మోటారు చక్రాలతో పనిచేయదు, రీజెన్ ఉండదు, ఆపేదంతా ప్యాడ్లే. అప్పుడు ఊగితే లోపం ఇనుప బ్రేకులో ఉన్నట్టే. బ్రేకు సాయం, స్టీరింగు సాయం న్యూట్రల్‌లో కూడా ఉంటాయి. అయినా ఘాట్ రోడ్డు మీద మాత్రం ఈ పరీక్ష వద్దే వద్దు. కొన్ని కార్లలో రీజెన్‌ని సున్నాకి తగ్గించే మీట ఉంటుంది గానీ, పెడల్ తొక్కగానే కంప్యూటరు మళ్లీ మోటారుని పిలిచే మోడళ్లున్నాయి. న్యూట్రలే నమ్మకం.

తర్వాత తలకిందుల పరీక్ష. చార్జింగ్ 60, 70 ఉన్నప్పుడు రీజెన్‌ని గట్టి స్థాయిలో పెట్టి, బ్రేకు ముట్టకుండా కాలు మాత్రం తీసేయాలి. అప్పుడు కూడా ఊగితే డిస్కుల మీద నింద వేయడం అన్యాయం. మోటారు నుంచి చక్రానికి వెళ్లే షాఫ్టు జాయింట్లు, మోటారుని పట్టి ఉంచే మౌంటు రబ్బర్లు, సస్పెన్షన్ బుష్షులు చూడాలి. ఈ షాఫ్టులు ముందుకు లాగేటప్పుడు ఒక వైపు, రీజెన్‌లో రెండో వైపు మెలిపడతాయి. రోజంతా ఇలా దిశ మారుతూ ఉంటే జాయింట్లలోని చిన్న సందు కూడా పెద్దదిగా తెలుస్తుంది.

ఏ బ్రేకూ వేయకుండా నిలకడగా వెళ్తున్నప్పుడే ఊగుతుంటే టైర్లు, చక్రాల బ్యాలెన్సింగ్ సంగతి చూడాలి. నెలల తరబడి నిలబెట్టిన బండి టైర్లు నేలకి ఆనిన చోట చదునుబారుతాయి. కొంతదూరం తిరిగాక వేడెక్కి సర్దుకుంటే సరే, లేకపోతే టైరు మార్చాల్సిందే. వానలో సడన్ బ్రేకు వేస్తే పెడల్ కింద గరగరమని తన్నేది ఏబీఎస్, అది జబ్బు కాదు.

ఎక్కడ ఊగుతోందన్నది కూడా సాక్ష్యమే. స్టీరింగు వణికితే ముందు చక్రాలు, సీటు అదిరితే వెనక చక్రాలు. పెట్రోలు కార్లలో పెడల్ కాలి కింద ఎగిరిపడటం మంచి గుర్తు. కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో పెడల్‌కీ బ్రేకు ఆయిల్‌కీ సూటిగా లంకె ఉండదు కాబట్టి పెడల్ నిశ్చలంగా ఉందని మోసపోకూడదు.

బావ న్యూట్రల్‌లో పరీక్ష చేసి అరగంటలో ఫోను చేశాడు. "సాయంత్రం కూడా ఊగిందిరా!" అని. ఆ గొంతులో సంతోషం వినాలి.

గాజువాక షెడ్డులో

నెమ్మదిగా, కొలిచి పనిచేస్తాడని పేరున్న ఒక పెద్దాయన షెడ్డుకి బండి వెళ్లింది. జాకీ పెట్టేముందు ఆయన మాన్యువల్ తీసి చూశాడని బావ చెప్పాడు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. ఎలక్ట్రిక్ కారు అడుగంతా బ్యాటరీయే. కంపెనీ గుర్తు పెట్టిన చోట కాకుండా ఇంకెక్కడైనా జాకీ ఆనిస్తే దాని పెట్టెకి సొట్ట పడొచ్చు. నారింజ రంగు తీగల జోలికి పోకూడదు. వాటిలో ప్రాణం తీసేంత వోల్టేజి ఉంటుంది. బ్రేకు పనికి వాటితో అవసరం కూడా లేదు. వెనక చక్రాలకి మీట నొక్కితే పడే కరెంటు హ్యాండు బ్రేకు ఉంటే, దాన్ని సర్వీసు మోడ్‌లో పెట్టాకే కాలిపర్ విప్పాలి.

మైక్రోమీటరుతో డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిచారు. కుడి ముందు చక్రంలో తేడా 0.01 మిల్లీమీటరు, ఎడమ దాంట్లో 0.04. వెనక డిస్కులకి పైపైన ఎర్రపొర తప్ప ఏమీ లేదు. ఎడమ కాలిపర్ కింది పిన్ను సుత్తితో కొడితే గానీ కదల్లేదు. ఇక కథంతా తేటపడింది. ఐదు నెలల తుప్పు ముద్ర మొదటి తేడా తెచ్చింది. బిగుసుకున్న పిన్ను వల్ల ప్యాడ్ రాసుకుంటూ తేడాని పెంచింది. నాలుగు డిస్కులు మార్చి ఆ పిన్నుని అలాగే వదిలేసి ఉంటే కొత్త డిస్కు కూడా కొన్నాళ్లకి ఇదే దారి పట్టేది.

డిస్కు అంచు మీద కనీస మందం అంకె పోతపోసి ఉంటుంది. లేతు పట్టించాక కూడా దానికంటే మందంగా మిగిలితేనే లేతు, లేకపోతే కొత్తది. ఇక్కడ మిగిలింది కాబట్టి ముందు డిస్కులు రెండూ లేతు పట్టించారు. ఒక్కటే పట్టిస్తే రెండు పక్కలా పట్టు తేడా వస్తుంది. పిన్నులు శుభ్రం చేసి, బ్రేకు వేడికి తట్టుకునే గ్రీజు పూశారు. ప్యాడ్లు కొత్తవి వేశారు.

తర్వాత చేసిన పని చాలా చోట్ల చేయరు. డిస్కు కూర్చునే హబ్ ముఖం మీది తుప్పుని వైరు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా గీకారు. పీట కింద బియ్యపు గింజ ఉంటే పీట ఊగినట్టు, ఆ తుప్పు రేణువు మీద కూర్చున్న డిస్కు పక్కకి ఊగుతుంది. డిస్కు ఎక్కించాక డయల్ గేజి ఆనించి తిప్పి చూశారు. ఊపు 0.05 మిల్లీమీటర్ల లోపు ఉండాలన్నది మామూలు లెక్క. మొదట 0.07 వచ్చింది. డిస్కు తీసి హబ్ మీద ఒక బోల్టు చొప్పున జరిపి కూర్చోబెడుతూ పోతే మూడోసారికి 0.03కి దిగింది. హబ్ వంపు, డిస్కు వంపు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోటు దొరికిందన్నమాట. చివరికి చక్రం నట్లు గాలి గన్నుతో బర్రుమని బిగించకుండా, ఎదురెదురుగా ఒక్కొక్కటీ, టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన అంకె దగ్గర ఆపారు. నట్ల బిగువు హెచ్చుతగ్గులైతే బాగుచేసిన డిస్కు కూడా వంపు తిరుగుతుంది.

బాక్సు: ప్యాడ్లని పదును పెట్టడం

కొత్త ఇనుప పెనాన్ని తెచ్చిన రోజే దోసె పోయం. నూనె రాసి, కాచి, మళ్లీ రాసి పదును చేస్తాం. కొత్త ప్యాడ్లకీ అంతే. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20 దాకా ఓ మోస్తరు గట్టిగా బ్రేకు వేయాలి, కాసేపు నడిపి చల్లారనివ్వాలి, మళ్లీ వేయాలి. ఎనిమిది పదిసార్లు చేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు చుట్టూ సమానమైన పల్చటి పొరగా అంటుతుంది. వేడి మీదున్నప్పుడు పూర్తిగా ఆపి పెడల్ నొక్కి ఉంచకూడదు, ఉంచితే ఆ ఒక్క చోటే మచ్చ పడుతుంది. ఎలక్ట్రిక్ కారులో ఇంకో షరతు ఉంది: రీజెన్ లేకుండా చేయాలి. లేకపోతే మోటారే బండిని ఆపేస్తుంది, ప్యాడ్లు కొత్తవి కొత్తవిగానే ఉండిపోతాయి. చార్జింగ్ నూరు ఉన్న ఉదయం ఈ పనికి మంచి సమయం.

ఘాట్ దిగేముందు

ఇనుప బ్రేకుని రోజూ వాడం. అయితే వాడాల్సిన రోజు అది ప్రాణానికి అడ్డం నిలబడాలి. అరకులో రాత్రి హోటల్లో చార్జింగ్ నూరు చేసుకుని, పొద్దున్నే అనంతగిరి ఘాట్ దిగుతున్నారనుకోండి. బ్యాటరీలో చోటు లేదు కాబట్టి మలుపు మలుపుకీ ప్యాడ్లే పనిచేయాలి. డిస్కులకి తుప్పు, పిన్నులకి బిగుపు ఉంటే అక్కడ బయటపడటం ఎవరికీ మంచిది కాదు. కొండ మీద 80, 85 దగ్గర చార్జింగ్ ఆపేస్తే దిగేటప్పుడు డైనమో బ్రేకు తోడుంటుంది, బ్యాటరీ కూడా కాస్త నిండుతుంది.

కంపెనీలు కూడా మేలుకుంటున్నాయి. కొన్ని కార్లు మధ్యమధ్య రీజెన్‌ని తామే పక్కన పెట్టి, ప్యాడ్లతో డిస్కులని తుడుచుకుంటాయి. యూరప్‌లో యూరో 7 నిబంధనలు బ్రేకుల నుంచి రాలే పొడికి మొదటిసారి హద్దు పెట్టాయి. మామూలు కార్లకి కిలోమీటరుకి 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్ కార్లకి 3. ఆ పొడి తగ్గించడానికని గట్టి పూత వేసిన డిస్కులు వస్తున్నాయి. ఆ పూతే తుప్పుని కూడా అడ్డుకుంటుంది.

అంతవరకూ మన చేతిలో ఉన్నవి చిన్న పనులే. కారు కడిగించాక తడి డిస్కులతో నిలబెట్టకుండా వీధి చివరిదాకా వెళ్లి నాలుగు గట్టి బ్రేకులు వేసి రావడం. ప్యాడ్లు అరగలేదు కదా అని సర్వీసు వదిలేయకుండా ఏడాదికోసారి కాలిపర్ పిన్నులు తీయించి చూడటం. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకి మార్పించడం.

అక్కా బావా మళ్లీ అమెరికా వెళ్తున్నారు, మనవడి పుట్టినరోజుకి. ఈసారి కారు తాళం పక్క ఫ్లాటు కుర్రాడికి ఇచ్చారు. తాళానికి ఒక చీటీ కట్టి ఉంది. బావ చేతిరాత: "ఆదివారం పొద్దున బీచి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒక రౌండు. న్యూట్రల్‌లో ఐదు బ్రేకులు, 50 నుంచి. చార్జింగ్ 60 దగ్గర ఉంచు. కవరు తడిగా ఉంటే కప్పకు."